రెండు వారాల ధన్వంతరులు

సెలవుల్లో సంపన్న దేశాల నుంచి పేద దేశాలకు వెళ్లి రెండు వారాలు వైద్యసేవ చేసే విద్యార్థులను కొందరు అదేపనిగా ఆడిపోసుకుంటున్నారు. ఇది అన్యాయం. సొంత ఊళ్లో సీనియర్ పక్కన లేనిదే సూది ముట్టుకోనివ్వని కుర్రాడు ఆఫ్రికాలో విమానం దిగగానే కుట్లు వేయడానికి, కాన్పులు చేయడానికి పనికొస్తున్నాడంటే ఎంత ప్రగతి! ఏళ్ల తరబడి చదివినా రాని అర్హత ఒక్క టికెట్టుతో వచ్చేసింది.

అమెరికా వైద్య కళాశాలల సంఘానికి మాత్రం ఈ ప్రగతి గిట్టలేదు. శిక్షణకు మించిన పనులు విదేశంలోనైనా చేయొద్దంటూ 2011లో మార్గదర్శకాలు విడుదల చేసింది. ఉత్సాహం మీద నీళ్లు చల్లడమంటే ఇదే.

అంతకు చాలా ముందే, 1968లో, ఇవాన్ ఇలిచ్ అనే పెద్దమనిషి మెక్సికోలో ఇంకా దారుణంగా మాట్లాడాడు. సేవకని వచ్చిన అమెరికన్ విద్యార్థులను కూర్చోబెట్టి, మా కొండలెక్కండి, పూలు చూడండి, చదువుకోండి, సాయం మాత్రం చేయొద్దన్నాడు. అతిథులతో మాట్లాడే తీరా అది?

నిజానికి వీళ్లు ఎంత సిద్ధపడి వెళ్తారో చూడండి. మలేరియా మాత్రలు సరే, సూది గుచ్చుకుంటే హెచ్‌ఐవీ సోకకుండా 72 గంటల్లోపు మొదలుపెట్టి 28 రోజులు వాడే మందులు కూడా చాలామంది సంచిలో ఉంటాయి. అదే వార్డులో ఏళ్లుగా సూదులు వేస్తున్న నర్సుకు ఆ మందులు వేళకు దొరుకుతాయా అని అడగకూడదు, సంచి వాళ్లది. పైగా ఆ నర్సుకు తీరికెక్కడ? అతిథికి భాష రాదు. రోగి చెప్పేది విడమరచి చెప్పాలి, కడుపు ఎక్కడ నొక్కి చూడాలో చూపించాలి, చివరికి ఫొటో కూడా ఆవిడే తీయాలి. ఫొటోలోని పిల్లాడి తల్లిని అనుమతి అడిగారా అంటారా? సొంత ఆసుపత్రిలో అలా తీస్తే క్రమశిక్షణ చర్య తప్పదు, అందుకేగా ఇంత దూరం వచ్చింది!

కాబట్టి సేవ ఒకవైపే ఎందుకు సాగాలని నా ప్రశ్న. మలావీలోని బ్లాంటైర్‌లో చదివే వైద్య విద్యార్థులను కూడా రెండు వారాలు లండన్ పంపుదాం. ఇంగ్లీషు వాళ్లకెలాగూ వచ్చు, నర్సును పీడించే పని లేదు. వార్డులోకి వెళ్లి తోచిన పేషెంటుకు తోచిన కుట్లు వేసి, పక్కన నిలబడి సెల్ఫీ తీసుకుంటారు. లండన్ రోగులు చిరునవ్వుతో సహకరిస్తారనడంలో నాకు సందేహం లేదు. వీసా, రిజిస్ట్రేషన్, పోలీసులు అంటూ అడ్డుపడకండి దయచేసి. సేవకు కాగితాలేమిటి?