ఐబ్రోస్ కోసం వెళ్తే నుదురు కొలిచి పంపింది

ఒళ్ళు మండుతోంది. చల్లారితే మర్యాదగా రాస్తానేమోనని ఇప్పుడే రాసేస్తున్నా.

ఐబ్రోస్ అండీ. ఉత్త ఐబ్రోస్. పది నిమిషాల పని. కుర్చీలో వెనక్కి వాలి, కళ్ళు మూసుకుని, రెండు వేళ్ళతో రెప్ప లాగి పట్టుకుని ఉన్నా. పార్లర్ అమ్మాయి దారం కొస పళ్ళ మధ్య పెట్టుకుని కూడా మాట్లాడగలదు. "అక్కా, నుదురేంటి ఇంత పైకుంది? ఎడంపక్క ఇంకా లోపలికి పోయింది." కళ్ళు తెరిచేలోపు కాటుక పెన్సిల్ తీసి, జుట్టు ఎక్కడిదాకా ఉండాలో నా నుదుటి మీద గీత గీసేసింది. "చూడండి, ఇక్కడిదాకా ఉంటే ఫేసే మారిపోద్ది. మైక్రోబ్లేడింగ్ ఆఫర్ నడుస్తోంది." వెంట్రుకల్లా సన్నటి రంగు గీతలు పచ్చబొట్టులా పొడవడమట అది.

నాకు తెలీదా? 34 ఏళ్ళుగా ఈ నుదురు మోస్తున్నది నేను. ఎడమ కణత దగ్గర ఒక వేలెడు ఖాళీ ఎక్కువని తెలుసు. ఎవరు ఫొటోకి ఫోన్ ఎత్తినా తల దానంతటదే తిరిగిపోతుంది. పాపిట బిళ్ళ పెడితే జాతరలో తప్పిపోయిన పిల్లలా దిక్కులు చూస్తుంది. జడ పొట్టిదైతే సవరం పెడతారు. నుదుటికి సవరం ఎవరూ కనిపెట్టలేదు. అవతల తిరుమల కొండ మీద మనం ఇచ్చిన జుట్టు వేలంలో అమ్ముడుపోయి ఎక్కడెక్కడి వాళ్ళకో విగ్గులవుతోంది!

ఇక సలహాలు. పిన్ని ఆముదం అంటుంది, పక్కింటావిడ ఉల్లిపాయ రసం అంటుంది. ముందుకి జుట్టు కత్తిరించుకోమంది ఆఫీసులో ఒకామె. బెజవాడలో, మే నెలలో! పదింటికల్లా ఆ కత్తిరించిందంతా చెమటకి నుదుటికి అతుక్కుపోయి, వానలో తడిసిన కోడిలా ఉన్నా. ఖాళీ కనబడకుండా నల్ల హెయిర్ పౌడర్ అద్దడం కూడా అయింది. పెళ్ళిలో భోజనాల దగ్గర నల్లటి చుక్క జారి పట్టుచీర మీద పడింది. ఆ మరక ఇప్పటికీ ఉంది.

జుట్టు మొలిచే మందు, మినాక్సిడిల్ పూసుకో అనేవాళ్ళకైతే దండం. పల్చబడ్డ చోట బతికున్న కుదుళ్ళని అది లేపుతుందేమో గానీ, పుట్టుకతో కుదురే లేనిచోట పుట్టించదు. పనిచేసే చోటైనా నాలుగైదు నెలలు ఆగాలి, మొదట్లో ఇంకాస్త రాలుతుంది, మానేస్తే వచ్చింది పోతుంది, కడుపుతో ఉంటే ముట్టుకోకూడదు. ఇదంతా నాకు స్కిన్ డాక్టర్ చెప్పింది. ఆవిడ లైటున్న భూతద్దం పెట్టి చూసి అడిగినవి రెండే ప్రశ్నలు. చిన్నప్పటినుంచీ ఇంతేనా, ఈమధ్య వెనక్కి జరిగిందా? కనుబొమలు కూడా పల్చబడుతున్నాయా? ఎందుకంటే రెండూ కలిసి పోతుంటే అది కుదుళ్ళు మచ్చపడి పూడిపోయే జబ్బు కావచ్చు. అది సద్దుమణగకుండా జుట్టు నాటిస్తే నాటింది కూడా పోవచ్చు. మన పార్లర్ మహాతల్లి పది నిమిషాలూ చూసింది నా కనుబొమల్నే కదా, ఒక్క ముక్క అడిగిందా? ఆఫర్ మాత్రం చెప్పింది. యూట్యూబ్‌లోనో వర్క్‌షాపులోనో చూసి నేర్చుకుంటే చాలదని 2022లో నేషనల్ మెడికల్ కమిషన్ హెయిర్ ట్రాన్స్‌ప్లాంట్ చేసే డాక్టర్లకే చెప్పాల్సి వచ్చింది, ఇక పెన్సిల్ పట్టుకున్నవాళ్ళకి ఎవరు చెప్తారు?

నాది పుట్టు నుదురే అంది డాక్టరమ్మ. ఎడమ కణత మాత్రం నాన్నమ్మ జడల పుణ్యం. కొబ్బరినూనె దట్టించి, రెండు జడలు మడిచి రిబ్బన్లు కడితే కళ్ళు చైనా బొమ్మలా పైకి లాక్కుపోయేవి. ఎడమ జడకి ఎప్పుడూ ఒక పట్టు ఎక్కువ. అలా లాగి లాగి కట్టి జుట్టు పోతే ట్రాక్షన్ అలోపీషియా అట దాని పేరు. మొదట్లోనే జడ వదులు చేసుంటే తిరిగొచ్చేదట. పదేళ్ళు స్కూలుకి అలాగే వెళ్ళాక ఇంకేం వస్తుంది?

నాకు మిగిలినవి రెండు దారులు. నుదుటి చర్మం ఒక పట్టీ కోసేసి, మాడుని ముందుకి లాగి కుట్టడం. మాడు వదులుగా ఉంటేనే కుదురుతుంది, జుట్టు మొదలయ్యేచోట మచ్చ ఉంటుంది. లేదంటే తల వెనక నుంచి తీసి ముందు నాటడం. నాటినవి మొదటి ఒకటి రెండు నెలల్లో రాలి మళ్ళీ మొలుస్తాయి, పూర్తి రూపం రావడానికి ఏడాది. అదీ ఆడవాళ్ళకి నాటడం వచ్చినవాళ్ళ చేత చేయించుకోవాలట. ముందు వరసలో సన్న వెంట్రుకలు, కణతల దగ్గర గుండ్రం. లేకపోతే విగ్గు పెట్టినట్టే ఉంటుందట.

నాటడం అంటే గుర్తొచ్చింది, అసలు మంట ఇక్కడుంది. మా అన్నయ్య.

సంబంధాలు కుదరట్లేదని వాడి బట్టతలకి 2,400 గ్రాఫ్టులు, అంటే కుదుళ్ళతో సహా తీసిన చిన్న చిన్న వెంట్రుకల గుత్తులు, నాటించారు మావాళ్ళు. అమ్మ చీటీ పాట పాడి మరీ డబ్బు తెచ్చింది. ఎంతవుతుందని ఒక్కరు అడగలేదు. వారం పాటు అమ్మ సెలైన్ స్ప్రే పట్టుకుని, గంటగంటకీ వాడి తల మీద తులసికోటకి నీళ్ళు పోసినంత భక్తిగా కొట్టింది. అదే నేను నోరు తెరిస్తే? "విశాలమైన నుదురే, లక్ష్మీకళ, అదృష్టం." మరి అన్నయ్య అదృష్టం నడినెత్తి దాకా పెరుగుతుంటే ఎందుకు ఆపారమ్మా? ఇంటర్‌లోనూ ఇదే కథ, వాడికి హాస్టలున్న కార్పొరేట్ కాలేజీ, నాకు నడిచెళ్ళే కాలేజీ. "ఆడపిల్లవి, ఇంటిపట్టున ఉంటే మంచిది." అదీ అదృష్టమే కాబోలు.

సరే, ఇంటికొచ్చా. హెల్మెట్ తీస్తే ఆ కాటుక గీత నుదురంతా పాకేసింది. "ఏంటే ఆ మసి?" అని అమ్మ దూదికి కొబ్బరినూనె ముంచి తుడవడం మొదలుపెట్టింది. చెప్పా. తుడుస్తూనే, ఇన్నేళ్ళలో మొదటిసారి, "నీకైతే ఎంతవుద్దంట?" అంది.

డాక్టరమ్మ చెప్పిన అంకె చెప్పా.

చెయ్యి ఆగిపోయింది. "అంతా?"

"అన్నయ్యకి కట్టినదాంట్లో సగమమ్మా."

దూది మళ్ళీ నూనెలో ముంచింది. ఇంకేం మాట్లాడలేదు.