సిలువ కొసకి ఎన్ని మొనలు?

బ్రిటన్ అత్యున్నత సాహస పతకం విక్టోరియా క్రాస్‌ని 'మాల్టీస్ క్రాస్' అన్న ముక్క మళ్లీ కంటపడింది. ఈసారి ఊరుకునేది లేదు.

లండన్‌లో కాలేజ్ ఆఫ్ ఆర్మ్స్ అని ఒకటుంది, 1484లో మూడో రిచర్డ్ పెట్టించింది. ఏ డాలు మీది బొమ్మ ఎవరిదో తేల్చడం వాళ్ల పని. ఉద్యోగుల హోదాలు రూజ్ డ్రాగన్, బ్లూమాంటిల్. నవ్వకండి, సీరియస్ ఆఫీసు. సిలువ అంటే సిలువే కదా అనుకునే అమాయకులకి అక్కడ చోటు లేదు. కొస చూడాలి. చివర లిల్లీ పువ్వుంటే ఫ్లోరీ. వెడల్పవుతూ పోయి మూడు మొనలు తేలితే పటోన్స్. చంకకర్రలా అడ్డపట్టీ ఉంటే పొటెంట్. రెండుగా చీలి వెనక్కి వంగితే మోలిన్, అంటే పిండిమర రాయికి బిగించే ఇనుప ముక్క ఆకారం. ఇంగ్లండులో ఎనిమిదో కొడుకు తండ్రి డాలు మీద వేసుకోవాల్సిన గుర్తు ఇదే. పెద్దోడికి ఆస్తి, ఎనిమిదోవాడికి పిండిమర సామాను.

ఇక యుద్ధం ఊహించుకోండి. దుమ్ము. మన వీరుడు కత్తి ఎత్తి ఆగిపోయాడు.

"అయ్యా, డాలు కాస్త ఇటు తిప్పుతారా? అది పటోన్సా, ఫ్లోరీయా?"

"పటోన్సండీ. మా తాతగారి నాటిది."

"వెండి మీద బంగారమా! లోహం మీద లోహం పడకూడదు కదండీ?"

"జెరూసలేం రాజులకి చెల్లలేదా?"

"వాళ్లది పొటెంటండీ, మీది పటోన్సు!"

ఇద్దరూ గుర్రాలు దిగి, డాళ్లు పక్కన పెట్టుకుని, మొనలు లెక్కపెట్టడం మొదలుపెట్టారు. ఈ చదువేదీ అబ్బని కాలిబంటు ఒకడు ఈటెతో వచ్చి ఇద్దరి పనీ కానిచ్చాడు.

ఇంత నిష్ఠ ఉన్న దేశం 1856లో విక్టోరియా క్రాస్ పెట్టి, రాజశాసనంలోనే మాల్టీస్ క్రాస్ అని రాసుకుంది. మాల్టీస్‌కి ప్రతి కొసా చీలి మొత్తం ఎనిమిది మొనలుండాలి. పతకం చూడండి, ఎక్కడా చీలిక లేదు. అది 'పటే', అంటే చీలిక లేకుండా కొసలు వెడల్పయ్యే సిలువ. డ్రాగన్‌గారు ఆ రోజు సెలవేమో.

పేరు తప్పితే తప్పింది, పోనీ. ఆ కంచు ముక్కకి భారతీయ సిపాయి అర్హుడని ఒప్పుకోవడానికి 1911 దాకా ఆగారు. 55 ఏళ్లు! అన్నాళ్లూ వాళ్ల యుద్ధాల్లో వాళ్ల కోసం చచ్చినవాడికి వేరే పతకం, వేరే పంక్తి. 1914లో బెల్జియంలో తోటివాళ్లంతా కూలిపోయినా, ఒళ్లంతా గాయాలైనా మెషిన్‌గన్ వదలని ఖుదాదాద్ ఖాన్ దాన్ని అందుకున్న మొదటి భారతీయ సిపాయి. కొసలో వెంట్రుకవాసి తేడా పట్టేసే ఆ కళ్లకి అంతకుముందు ఒక్క మనిషీ ఆనలేదా?