ఓల్మెక్ తేదీ తేల్చింది మరియన్, పేరు మాత్రం మొగుడికి

ఓల్మెక్ అనే ప్రాచీన నాగరికత పేరు అనగానే మెక్సికోలోని పెద్ద పెద్ద రాతి తలకాయలు, వాటి వెనకే మాథ్యూ స్టిర్లింగ్ పేరు, అదంతా తెలిసిన కథే. అమెరికాలోని స్మిత్‌సోనియన్ సంస్థ వాళ్ల ఎథ్నాలజీ (జాతుల అధ్యయనం) బ్యూరో చీఫ్, ట్రెస్ సపోటెస్, లా వెంటా, శాన్ లొరెంజో అనే ఓల్మెక్ చోట్లని వరసపెట్టి తవ్వించాడు, పెద్ద కెరీరే, కాదనను. కానీ ఆ కెరీర్‌ని నిలబెట్టిన లెక్క మాత్రం ఆయన భార్య మరియన్‌ది.

1939లో ట్రెస్ సపోటెస్‌లో స్టెలా సి అనే రాయి కింది ముక్క దొరికింది. చుక్కలు, గీతలతో తేదీ ఉంది గానీ మొదటి అంకె ఉండాల్సిన పై ముక్క లేదు, ఆ అంకె ఒక్కటి మారితే 394 ఏళ్లు అటూ ఇటూ అయిపోతాయి! మరియన్ 7 అంది. అంటే క్రీ.పూ. 32. ఇది గుడ్డిగా వేసిన గెస్ కాదు, తేదీ చివర్లో రోజు అంకె 6 మిగిలే ఉంది, మొదట 7 పెడితే లెక్క సరిగ్గా 6 దగ్గర ఆగుతుంది, 8 పెడితే 5కి పోతుంది. మన శాసనాల్లో శక సంవత్సరం చెరిగిపోతే తిథి, వారం పట్టుకుని లాగుతారు చూడండి, అదే పద్ధతి.

అక్కడిదే మరో ప్రాచీన నాగరికత మాయా, దాని నిపుణుడు ఎరిక్ థాంప్సన్ అంత పాత తేదీని ఒప్పుకోలేదు, ఓల్మెక్‌లు మాయావాళ్ల తర్వాతే అని 1941లో వ్యాసమే రాశాడు. విరిగిన రాయిని నమ్మొద్దనడంలో కొంత న్యాయం ఉంది, సరే. కానీ 1957లో లా వెంటా రేడియోకార్బన్ తేదీలు (పాత బొగ్గు లాంటి వాటిలో మిగిలిన కార్బన్‌ని బట్టి వయసు కట్టే పద్ధతి) వచ్చి ఓల్మెక్‌లని క్రీ.పూ. 1000 దగ్గరికి తీసుకెళ్లిపోయాయి, ఈ రాయి వాళ్ల వైభవం అయిపోయాక చెక్కిందని కూడా తేలింది. ఆ తర్వాత, తవ్విన 30 ఏళ్లకి, పై ముక్క కూడా దొరికింది. దాని మీద ఉన్నది 7.

పెళ్లికి ముందు మరియన్ ఆయన ఆఫీసులో సెక్రటరీ, 1933లో పెళ్లయ్యాక ఆ అడవుల్లో క్యాంపులకీ వెంట వెళ్లింది. అసలు నా బాధ ఇక్కడే, భర్త చేస్తే రీసెర్చ్, అదే పని భార్య చేస్తే హెల్ప్. మన దగ్గర మాత్రం తక్కువా, ప్రూఫులు దిద్ది, ఇండెక్స్ తయారుచేసి, చివరికి ముందుమాటలో "నా శ్రీమతి సహకారంతో" అనే ఒక్క లైనులో సర్దుకుపోయిన ఆడవాళ్లు ఎంతమంది లేరు? స్టెలా సి గురించి రాసే ప్రతి చోటా మరియన్ స్టిర్లింగ్ పేరు ముందు రావాలి, ఆయన పేరు తర్వాత వేసుకోండి.