ముందు పాఠం, తరువాత రంగమా?

నాటక విద్యార్థులు మొదటి ఏడాదంతా సిద్ధాంతం చదివి, ఆ తరువాతే వేదిక ఎక్కాలని ఒక వ్యాసంలో చదివిన సూచన నాకు మింగుడు పడలేదు. మాది ఒడిశాలోని బరంపురం. ఇంట్లో తెలుగు, వీధిలో ఒడియా. చిన్నప్పుడు నాన్నగారు చుట్టుపక్కల పల్లెల్లో ఆడే ప్రహ్లాద నాటకానికి తీసుకెళ్లేవారు. జలంతర అనే సంస్థానపు రాజు రామకృష్ణ ఛోటరాయ్ పేరు మీద ప్రచారంలో ఉన్న నాటకం అది. మెట్లుమెట్లుగా పేర్చిన ఎత్తైన చెక్క వేదిక, కింద మద్దెల, తాళాలు, పక్కనే కథ నడిపించే గాహకుడు. హిరణ్యకశిపుడు ఆ ఇరుకు మెట్ల మీద గంతులేస్తూ దిగుతుంటే కోపం ముందు మడమల్లో మోగేది, ఆ తరువాతే కళ్లలోకి వచ్చేది. ఆంగికం (శరీరం), వాచికం (మాట), ఆహార్యం (వేషం), సాత్త్వికం (లోపలి భావం) అని నాట్యశాస్త్రంలో భరతుడు చెప్పిన నాలుగు అభినయాలూ చాలా ఏళ్ల తరువాత పుస్తకంలో చదివాను. చదవగానే గుర్తొచ్చింది ఆ మడమల చప్పుడే.

అలాగని చదువు వద్దనను. శ్రీకాకుళం, విజయనగరం వైపు ఆడే తూర్పు భాగవతంలోనూ, కూచిపూడి భామాకలాపంలోనూ నాయిక సత్యభామే. అయినా తూర్పు భాగవతంలో మద్దెల జోరు ఆమెను ఎందుకంత గడుసుగా నడిపిస్తుందో పోల్చి చూపడానికి శాస్త్రం కావాలి. కానీ ఆ జోరు ఒక్కసారైనా చెవిన పడనివాడు దేనితో పోలుస్తాడు?

మొదటి నెలలోనే పిల్లలను ఒక రాత్రి ప్రదర్శనకు పంపండి. తెల్లవారేదాకా మద్దెల పక్కన కూర్చోబెట్టండి. నోటు పుస్తకం మాత్రం ఇంట్లోనే ఉండనివ్వండి. నాన్నగారు నాకు టార్చిలైటు కూడా తేనిచ్చేవారు కాదు.