గోడల మధ్యకొస్తే మారిపోయే హాకీ పటం

2023 జనవరి 29న భువనేశ్వర్‌లో బెల్జియంను షూటవుట్‌లో ఓడించి జర్మనీ పురుషుల హాకీ ప్రపంచకప్ గెలిచింది. ఆ టోర్నీలో ఆడిన 16 జట్లలో ఆస్ట్రియా లేదు. రెండు వారాలు తిరక్కుండానే దక్షిణాఫ్రికాలోని ప్రిటోరియాలో ఇండోర్ హాకీ, అంటే హాలు లోపల ఆడే హాకీ, ప్రపంచకప్ ముగిసింది. అక్కడ కప్పు ఎత్తింది ఆస్ట్రియా. అదీ వరసగా రెండోసారి.

ఇది ఏదో ఒక్క ఏడాది జరిగిన వింత కాదు. 2018లో బెర్లిన్‌లో జర్మనీని సొంత గడ్డ మీద ఫైనల్లో ఓడించింది కూడా ఆస్ట్రియానే. అదే టోర్నీలో ఇరాన్ కాంస్యం గెలిచింది. భువనేశ్వర్, రూర్కెలాల్లో జరిగిన 2023 మైదానపు ప్రపంచకప్ జట్లలో ఇరాన్ కూడా లేదు. 2003, 2007, 2011లలో జరిగిన మొదటి మూడు ఇండోర్ ప్రపంచకప్‌లలో జర్మనీకి ఫైనల్లో ఎదురు నిలిచింది మూడుసార్లూ పోలాండే. పచ్చిక మీద మనకు కనిపించే హాకీ ప్రపంచం ఒకటి. చెక్క నేల మీద కనిపించేది ఇంకొకటి.

ఇండోర్ హాకీ అంటే చలికాలంలో ఫిట్‌నెస్ కోసం ఆడే చిన్న ఆట అనుకునేవాళ్లు ఇప్పటికీ చాలామంది ఉన్నారు. పుట్టుక చూస్తే ఆ మాటలో కొంత నిజం ఉంది. 1950లలో జర్మన్ క్లబ్బులు చలికాలంలో మైదానాల్లో ఆడలేక హాళ్లలోకి వచ్చాయి. అంతర్జాతీయ హాకీ సమాఖ్య 1968లో దాన్ని తన నియమావళిలో చేర్చుకుంది. అయితే అవసరం కోసం మొదలైన ఆట ఈ డెబ్బై ఏళ్లలో తనకంటూ ఒక పద్ధతి, ఒక తెలివి సంపాదించుకుంది. దాన్ని ఇంకా పెద్ద ఆటకు తోకలా చూడటం అన్యాయం.

కోర్టునే చూడండి. 40 మీటర్ల పొడవు, 20 మీటర్ల వెడల్పు. బయటి మైదానంలో ఆరో వంతు కూడా లేదు. ఆటగాళ్ల సంఖ్య పదకొండులో ఇంచుమించు సగం. అసలు తేడా మాత్రం కొలతల్లో లేదు, రెండు నిషేధాల్లో ఉంది. ఒకటి, బంతిని కొట్టకూడదు, తోయాలి. స్టిక్ వెనక్కి ఎత్తి బలంగా బాదే షాట్ ఇక్కడ ఫౌల్. రెండోది, సర్కిల్ (గోల్ ముందు గీసిన అర్ధవృత్తం) లోపలి నుంచి గోల్‌కు షాట్ తీసేటప్పుడు తప్ప బంతి నేలను వదిలి పైకి లేవకూడదు. ఈ రెండింటితో మైదానపు హాకీలో తిరుగులేని ఆయుధాలు రెండు పోతాయి. డిఫెన్స్ నుంచి గాల్లోంచి అరవై మీటర్ల ఏరియల్ పాస్ వేయలేరు, సర్కిల్‌లోకి బుల్లెట్‌లా బంతి బాదలేరు. మరి ఏం మిగిలింది? కోణాలు.

కోర్టు పక్క గీతల పొడవునా పది సెంటీమీటర్ల ఎత్తు బోర్డులు ఉంటాయి. బంతి వాటికి తగిలినా ఆట ఆగదు. మంచి జట్టుకు ఆ బోర్డే ఇంకో ఆటగాడు. ఎదుటివాడి పక్కనుంచి బోర్డుకేసి తోస్తే, ఏ కోణంలో వెళ్లిందో ఆ కోణంలోనే తిరిగొచ్చి అతని వెనకాల మన మనిషికి అందుతుంది. డిఫెండర్ నడుము వంచి, స్టిక్‌ను నేలకు అడ్డంగా పరిచి ఆ దారి మూస్తాడు. బంతి చేతిలో ఉన్న ఆటగాడు దాన్ని కదిలిస్తూ, అతని స్టిక్ ఒక్క జానెడు పక్కకు జరిగేదాకా కాచుకుని ఉంటాడు. నలభై నిమిషాలూ ఇదే. చూసేవాళ్లకూ టెన్షన్ వదలదు. ఇక వెనకబడిన జట్టు ఆఖరి నిమిషాల్లో గోల్‌కీపర్‌ను తీసేసి అదనంగా ఒక ఆటగాడిని దింపుతుంది. ఒక్క తప్పు పాస్ చాలు, ఖాళీ గోల్‌లోకి బంతి వెళ్లిపోతుంది. హాకీలో ఇంతకంటే నిజాయతీగా తెగువను పరీక్షించే సమయం ఇంకొకటి ఉందని నేననుకోను.

ఆస్ట్రియా, పోలాండ్, ఇరాన్ ఇక్కడ ఎందుకు రాణిస్తున్నాయో ఈ నియమాలే సగం చెబుతాయి. మిగతా సగం హాళ్లు చెబుతాయి. ఇండోర్ హాకీ గోల్ వెడల్పు మూడు మీటర్లు, ఎత్తు రెండు మీటర్లు. హ్యాండ్‌బాల్ గోల్ కూడా అంతే, కోర్టు కూడా అంతే. అంటే హ్యాండ్‌బాల్, ఫుట్‌సాల్ (హాల్లో ఆడే ఫుట్‌బాల్) బాగా ఆడే దేశానికి ఈ ఆట కోసం కొత్తగా కట్టాల్సింది పెద్దగా ఉండదు. ఆసియా ఫుట్‌సాల్‌లో ఏళ్ల తరబడి ఇరాన్‌దే పైచేయి. ఆ దేశం ఇండోర్ హాకీలో ఎదగడం నాకు ఆశ్చర్యంగా అనిపించదు. సింథటిక్ టర్ఫ్ పరవడానికి, దాన్ని తడిపి కాపాడుకోవడానికి అయ్యే ఖర్చు భరించలేని దేశాలకు ప్రపంచస్థాయి హాకీలోకి ఉన్న దగ్గరి తలుపు ఇదే.

ఆ తలుపు పూర్తిగా తెరుచుకోలేదన్నదీ ఒప్పుకోవాలి. ఇప్పటివరకు జరిగిన ఏడు పురుషుల ప్రపంచకప్‌లలో జర్మనీ నాలుగు, ఆస్ట్రియా రెండు, నెదర్లాండ్స్ ఒకటి గెలిచాయి. మొత్తం యూరప్‌కే. ఎనిమిది ఒలింపిక్ స్వర్ణాలున్న భారత్ పేరు గానీ, పాకిస్థాన్ పేరు గానీ ఫైనల్ ఆడిన జట్లలో కూడా కనిపించదు. ఇరుకు చోట బంతిని స్టిక్‌కు అంటించుకుని తిప్పడం ఉపఖండపు హాకీకి వెన్నతో పెట్టిన విద్య. అలాంటి చోట ఈ ఆటను పక్కన పెట్టడం నాకు నిజంగా బాధ కలిగిస్తుంది.

ఈ నిర్లక్ష్యంలో సమాఖ్య వాటా కూడా ఉంది. ఒలింపిక్స్‌లో లేని ఆటకు ప్రభుత్వాల డబ్బు ఎలాగూ తక్కువే వస్తుంది. దానికి తోడు క్యాలెండర్ దెబ్బ. కోవిడ్ వల్ల బెల్జియంలోని లీజ్‌లో జరగాల్సిన ప్రపంచకప్ ముందు వాయిదాపడి, తర్వాత రద్దయింది. 2018 తర్వాత ఐదేళ్లు కప్పే లేదు. 2025లో క్రొయేషియాలోని పోరెచ్‌లో ఫిబ్రవరి 3న టోర్నీ మొదలైంది. అంతకు రెండు రోజుల ముందే, ఫిబ్రవరి 1న, ఫ్రాంచైజీ జట్లు ఆడే హాకీ ఇండియా లీగ్ ఫైనల్ జరిగింది. ఫిబ్రవరి 15 నుంచి భువనేశ్వర్‌లో దేశాల జట్లు ఆడే ప్రో లీగ్ మ్యాచ్‌లు. రెండు రకాల హాకీలోనూ దిట్ట అయిన ఒక యూరప్ ఆటగాడు ఈ మూడింట్లో దేన్ని వదులుకుంటాడు? డబ్బు, ర్యాంకింగ్ రెండూ మిగతా వాటి వైపే ఉన్నాయి కదా.

చిన్న దేశాల కోసమే హాకీ ఫైవ్స్, అంటే జట్టుకు ఐదుగురు ఆడే హాకీ, తెచ్చామని సమాఖ్య అంటుంది. 2024 జనవరిలో మస్కట్‌లో దానికీ ప్రపంచకప్ పెట్టారు. అందులో పెనాల్టీ కార్నర్ (సర్కిల్‌లో డిఫెన్స్ తప్పు చేస్తే ఎదుటి జట్టుకు దక్కే గోల్ అవకాశం) లేదు, షాట్ కోసం సర్కిల్‌లోకి చేరాల్సిన పనీ లేదు. ఇండోర్ హాకీ మాత్రం ఆ రెండింటినీ నిలుపుకుంటూనే ఆటను చిన్న చోటికి తెచ్చింది. డెబ్బై ఏళ్లుగా క్లబ్బులు, కోచ్‌లు, హాళ్లు ఉన్న ఆట చేతిలో ఉండగా కొత్తదానికి పెట్టుబడి పెట్టడంలో అర్థం కనిపించడం లేదు.

ముందు చేయాల్సిన పని పెద్ద ఖర్చుతో కూడినదేమీ కాదు. ప్రపంచకప్ జరిగే ఏడాది జనవరి ఆఖరు నుంచి ఫిబ్రవరి రెండో వారం దాకా ప్రో లీగ్‌గానీ, దేశవాళీ ఫ్రాంచైజీ లీగ్‌లుగానీ జరగకుండా సమాఖ్య తేదీలు కట్టడి చేయాలి. లీగ్ ముగిశాక ఆటగాడు చెక్క నేలకు, సన్నటి స్టిక్‌కు మళ్లీ అలవాటు పడటానికి రెండు రోజులు సరిపోవు. కనీసం పది రోజులు కావాలి.