ఫాఫ్సా నింపితే ఎవరికైనా డబ్బులొస్తాయా?

అమెరికా తెలుగువాళ్ల వాట్సాప్ గ్రూపుల్లో ఒక మాట ఎప్పుడూ తిరుగుతుంటుంది. కమ్యూనిటీ కాలేజీ చదువు ఉచితం, ఫాఫ్సా ఫారం (ఫెడరల్, అంటే అమెరికా కేంద్ర ప్రభుత్వ విద్యా సాయానికి పెట్టే దరఖాస్తు) నింపితే ఎవరికైనా ప్రభుత్వం డబ్బిస్తుంది, మూడు నెలల కోర్సు చేస్తే ఉద్యోగం ఖాయం అని. హెచ్4 (హెచ్1బీ ఉద్యోగుల కుటుంబానికిచ్చే వీసా) మీద ఇంట్లో ఉంటున్న ఆడవాళ్లకు దీన్ని మరీ ఎక్కువగా పంపుతారు. ఇందులో కాస్త నిజం కలిసి ఉంది కాబట్టే అంతమంది నమ్ముతున్నారు.

ముందు "ఎవరికైనా" అన్న మాట చూద్దాం. హెచ్4, హెచ్1బీ, ఎఫ్1 మీద ఉన్నవాళ్లకు ఫెడరల్ సాయం రాదు. ఈఏడీ ఉన్నా రాదు. అది పని చేసుకోవడానికి అనుమతి మాత్రమే. పౌరులకు, గ్రీన్ కార్డు ఉన్నవాళ్లకు, శరణార్థుల వంటి మరికొందరికే ఆ అర్హత. "సిటిజన్ అని టిక్ పెట్టేయండి, ఎవరు చూస్తారు" అని సలహా ఇచ్చే మహానుభావులూ ఉన్నారు. అబద్ధం రాస్తే 20,000 డాలర్ల దాకా జరిమానా, జైలు ఉండొచ్చని ఆ ఫారంలోనే ఉంటుంది. అంతకంటే ఘోరం, పౌరులం కాకుండానే పౌరులమని చెప్పుకుంటే రేపు గ్రీన్ కార్డుకే ఎసరొస్తుంది.

అదే అమెరికాలో పుట్టిన పిల్లలైతే, అమ్మానాన్నలు హెచ్1బీ మీద ఉన్నా దరఖాస్తు పెట్టుకోవచ్చు. కాకపోతే ఇంట్లో ఇద్దరూ సాఫ్ట్‌వేర్ ఉద్యోగులైతే పెల్ గ్రాంట్ (తిరిగి కట్టక్కర్లేని ఫెడరల్ సాయం) మీద పెద్దగా ఆశలు వద్దు. అది ఆదాయాన్ని చూసి ఇచ్చేది.

మనవాళ్లలో చాలామందికి తెలియని మెలిక ఇంకొకటి ఉంది. మామూలుగా పెల్ గ్రాంట్ మొదటి బ్యాచిలర్స్ డిగ్రీ పూర్తయ్యేదాకానే. ఇండియాలో బీటెక్ చేశారా, బీకాం చేశారా? సాధారణంగా అదీ డిగ్రీ కిందే లెక్క. గ్రీన్ కార్డు చేతికి రాగానే ఉత్సాహంగా ఫారం నింపి, డిగ్రీ ఉందన్న దగ్గర ఆగిపోతారు. ఫెడరల్ లోను తీసుకోవచ్చు కానీ, అది తిరిగి కట్టాల్సిన డబ్బు.

"ప్రభుత్వం డబ్బిస్తుంది" అన్నదీ సగం నిజమే. 2025-26లో పెల్ గరిష్ఠం 7,395 డాలర్లు. కాలిఫోర్నియా కమ్యూనిటీ కాలేజీల్లో స్థానికులకు ఫీజు యూనిట్‌కు 46 డాలర్లే కాబట్టి, ఫీజు పోగా మిగిలింది పుస్తకాలకు, ప్రయాణాలకు విద్యార్థికే ఇస్తారు. అయితే సెమిస్టర్ 60 శాతం గడవకముందే క్లాసులన్నీ మానేస్తే, వచ్చిన దాంట్లో కొంత వెనక్కి కట్టాల్సి రావచ్చు. ఫార్వర్డ్ చేసేవాళ్లు ఈ ముక్క ఎందుకు వదిలేస్తారో!

ఇక మూడు నెలల కోర్సు. ఇక్కడ ఆ మెసేజ్ చాలాకాలం తన మాటను తానే కొట్టేసుకునేది. పెల్ రావాలంటే కోర్సు కనీసం 15 వారాలు, 600 గంటలు ఉండాలన్నది పాత నియమం. అంటే మూడు నెలల కోర్సుకు ఆ డబ్బు వచ్చేది కాదు. 2025లో చట్టం మార్చారు. దాని ప్రకారం 2026 జులై 1 నుంచి 8 వారాలకు తగ్గని చిన్న కోర్సులకూ పెల్ వర్తిస్తుంది. అన్నింటికీ కాదు. రాష్ట్ర గవర్నర్ ఆమోదం ఉండాలి, చేరినవాళ్లలో 70 శాతం పూర్తి చేయాలి, పూర్తి చేసినవాళ్లలో 70 శాతానికి ఉద్యోగాలు రావాలి. మామూలు పెల్ రాని బీటెక్ వాళ్లకూ ఇందులో దారి ఉంది, ఎంఎస్ చేసినవాళ్లకు లేదు.

ఉద్యోగం సంగతికొస్తే, సీఎన్ఏ (నర్సింగ్ సహాయకుల) శిక్షణకు ఫెడరల్ కనీసం 75 గంటలే. కానీ ఆ తర్వాత రాష్ట్రం పెట్టే పరీక్ష పాసవ్వాలి. రిజిస్టర్డ్ నర్సు కావాలంటే సుమారు రెండేళ్ల అసోసియేట్ డిగ్రీ, ఆపైన ఎన్‌క్లెక్స్ అనే నర్సింగ్ లైసెన్సు పరీక్ష. ఈఏడీ లేని హెచ్4 వాళ్లు ఏ కోర్సు చదివినా, ఎంత మంచి మార్కులొచ్చినా, జీతం తీసుకునే పనిలో చేరడానికి వీల్లేదు. ఆ మెసేజ్ మొట్టమొదట చేరేది మాత్రం వాళ్లకే.