సర్జరీ అయ్యాక ఎముకల సంగతి ఎవరు చూడాలి?

వృషణాలు తీసేసే సర్జరీ అయిపోయింది కదా, ఇక హార్మోన్ మాత్రలతో పనేముందని మానేసే ట్రాన్స్ మహిళలు ఉన్నారు. డబ్బుల్లేక, ప్రతిసారీ హైదరాబాద్ పోలేక మానేసేవాళ్లూ ఉన్నారు. కారణం ఏదైనా ఆ దెబ్బ ఎముకల మీదే పడుతుంది.

ఎముకలో పాతది కరుగుతూ, కొత్తది ఏర్పడుతూ ఉంటుంది. కరిగేది హద్దు దాటకుండా చూసేది ఈస్ట్రోజెన్. మగ శరీరంలో కూడా టెస్టోస్టెరాన్‌లో కొంత ఈస్ట్రోజెన్‌గా మారి ఆ పని చేస్తుంది. వృషణాలు తీసేశాక రెండూ దాదాపు ఆగిపోతాయి. అప్పుడు మందు రూపంలో ఈస్ట్రోజెన్ అందకపోతే, ముట్లుడిగిన ఆడవాళ్లలాగే ఎముకలు గుల్లబారుతాయి. వాళ్లకు అది యాభై ఏళ్ల దగ్గర మొదలవుతుంది. పాతికేళ్లకే సర్జరీ చేయించుకుని మందు మానేస్తే ఆ వయసులోనే మొదలవుతుంది. నొప్పి ఉండదు. మణికట్టో తుంటో విరిగాకే తెలుస్తుంది.

కాబట్టి హార్మోన్లు వాడితే ఎముకలు పాడవుతాయన్న భయం వద్దు. డాక్టర్ చూపులో ఈస్ట్రోజెన్ వాడుతున్నవాళ్లలో వెన్నెముక సాంద్రత నిలబడిందని, కొందరిలో పెరిగిందని కూడా అధ్యయనాలు చూపాయి. ఇంకో సంగతి నన్ను ఎక్కువ బాధపెట్టింది. హార్మోన్లు మొదలుపెట్టకముందే చాలామంది ట్రాన్స్ మహిళల్లో ఎముక సాంద్రత తక్కువగా ఉంటోందని విదేశాల్లో తేలింది. శారీరక శ్రమ, విటమిన్ డి తక్కువ కావడం అందుకు కారణాలుగా చెబుతున్నారు. అవమానాలకు భయపడి నాలుగ్గోడల మధ్య ఉండిపోతే ఎండ ఎక్కడిది, నడక ఎక్కడిది?

మన నల్లగొండలో దీనికి తోడు ఫ్లోరైడ్ ఉంది. మర్రిగూడ, మునుగోడు, చండూరు వైపు బోరు నీళ్లు తాగి పెరిగినవాళ్ల ఎముకల్లో అది పేరుకుపోయింది. మిషన్ భగీరథ నీళ్లు వచ్చాక కొత్త తరానికి ఆ బాధ తగ్గింది కానీ, ఒకసారి ఎముకలో చేరిన ఫ్లోరైడ్ పోవాలంటే ఏళ్లు పడుతుంది. ఎముక సాంద్రతను కొలిచే డెక్సా స్కాన్‌లో టీ-స్కోర్ (ఆరోగ్యంగా ఉన్న యువ వయసువాళ్లతో పోల్చి ఇచ్చే అంకె) మైనస్ 2.5 గానీ అంతకన్నా తక్కువ గానీ ఉంటే ఆస్టియోపొరోసిస్, అంటే ఎముకలు గుల్లబారడం అంటారు. ఫ్లోరోసిస్ ఉన్నవాళ్లకు వెన్నెముక దగ్గర ఈ స్కోరు బాగున్నట్టే కనిపించొచ్చు. ఎముక చిక్కబడుతుంది, బలం మాత్రం రాదు. 1990లో అమెరికాలో వెలువడిన ఒక పరిశోధన ఇదే చెప్పింది. ముట్లుడిగిన ఆడవాళ్లకు సోడియం ఫ్లోరైడ్ ఇస్తే వెన్నెముక సాంద్రత బాగా పెరిగింది, కానీ వెన్ను కాకుండా మిగతా ఎముకలు విరగడం ఎక్కువైంది. అందుకే ఇక్కడి డాక్టర్లు తుంటి, ముంజేయి కూడా స్కాన్ చేయించాలి. చిన్నప్పుడు ఏ ఊరి నీళ్లు తాగావమ్మా అని అడగాలి. ఆ ప్రశ్నకు ఖర్చు లేదు.

మెడికల్ షాపులో చీటీ లేకుండా దొరుకుతున్నాయని గర్భనిరోధక మాత్రలు మింగడం ఇంకో ప్రమాదం. వాటిలో ఎక్కువగా ఉండే ఇథినైల్ ఈస్ట్రాడియోల్ వల్ల రక్తం గడ్డకట్టే ముప్పు ఎక్కువ. సిగరెట్ తోడైతే మరీ. డాక్టర్లు రాసేది ఈస్ట్రాడియోల్. రక్తంలో అది మిల్లీలీటరుకు 100 నుంచి 200 పికోగ్రాముల మధ్య ఉండేలా చూసుకుంటారు. తైదంబలి, పాలు, నువ్వులు, రోజూ నడక అందరికీ మంచివే, కానీ అవి ఈస్ట్రోజెన్ లేని లోటు తీర్చలేవు.

సర్జరీ, హార్మోన్ చికిత్స, ముందూ తర్వాతా కౌన్సెలింగ్ ప్రభుత్వ బాధ్యత అని 2019 ట్రాన్స్‌జెండర్ చట్టం 15వ సెక్షన్ చెప్పింది. 2024 డిసెంబరులో రాష్ట్ర ప్రభుత్వం జిల్లాల్లో ట్రాన్స్‌జెండర్ల కోసం మైత్రి క్లినిక్‌లు తెచ్చింది. మంచి అడుగు. బీపీ, షుగర్ గోలీలు ఇచ్చినట్టే ఈస్ట్రాడియోల్ కూడా నెలనెలా ఉచితంగా అక్కడే ఇవ్వాలి. నల్లగొండ, మహబూబ్‌నగర్ మెడికల్ కాలేజీ ఆస్పత్రులకు పంపి డెక్సా ఉచితంగా చేయించాలి. వృషణాలు తీసేశాక హార్మోన్లు ఆపేసినవాళ్లకు ఎముక సాంద్రత పరీక్ష చేయాలని హార్మోన్ల వైద్యుల సంఘమైన ఎండోక్రైన్ సొసైటీ 2017లోనే సూచించింది.

ఆ పరీక్ష ముందుగా అందాల్సింది హిజ్రా కుటుంబాలకు పెద్దదిక్కైన పెద్ద వయసు గురువులకు. ఎప్పుడో ఆస్పత్రిలో కాకుండా దాయమ్మ (సంప్రదాయంగా ఆ పని చేసే హిజ్రా) చేతుల మీద నిర్వాణం, అంటే అంగం, వృషణాలు తీసేయడం అయ్యి, హార్మోన్ మాత్ర ముఖమే చూడనివాళ్లు వాళ్లలో ఉన్నారు. ఈ వయసులో కొత్తగా ఈస్ట్రోజెన్ అందరికీ సరిపడకపోవచ్చు. అలాంటివాళ్లకు వారానికి ఒక్కసారి వేసుకునే అలెండ్రోనేట్ లాంటి, ఎముక కరగడాన్ని తగ్గించే మందులు ఉన్నాయి. ఏది సరిపోతుందో డాక్టర్ తేల్చాలంటే ముందు వాళ్లు ఆస్పత్రి దాకా రావాలి. వాళ్లు రారు. క్లినిక్ సిబ్బందే వాళ్ల ఇళ్లకు పోయి పిలుచుకురావాలి.